మా హాల్లో పసుపు గీత

మైలకు ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుందన్న అనుమానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

మా ఇంట్లో మడి ఆచారం గట్టిది. దానికి అధిపతి మా మేనత్త పేరిందేవమ్మ. చిన్న వయసులోనే పుట్టింటికి తిరిగి వచ్చి, తల్లి లేని నన్ను పెంచి, నాకు పెళ్ళి చేసి, ఇప్పటికీ ఇంటిని కళ్ళతోనే నడిపిస్తున్న మనిషి. ఆవిడ చెప్పిన ప్రకారం మైల అన్నానికి అంటుతుంది, బియ్యానికి అంటదు. నూలుబట్టకు అంటుతుంది, పట్టుబట్టను చూసి ఊరుకుంటుంది. గ్రహణం వేళ ఆవకాయ జాడీ మీద ఒక్క దర్భపోచ వేస్తే, అంత ఆకాశం నుంచి దిగివచ్చిన మైల జాడీ మూత దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది.

"పోచకు అటూ ఇటూ ఖాళీ ఉంది కదత్తా, అందులోంచి దూరదా?" అని చిన్నప్పుడు అడిగాను.

"దూరదు."

"అక్కడ ఆగాలని దానికెలా తెలుస్తుంది?"

నెత్తి మీద మొట్టికాయ పడింది. నేను దేవుడంటే భయభక్తులు ఉన్నవాణ్ణి. పదో తరగతి దాటి చదవనివాణ్ణి. మొట్టికాయను ప్రమాణంగా స్వీకరించి, పెద్దయి, పూజాసామగ్రి కొట్టు పెట్టుకుని, దర్భలు కట్టలు కట్టి అమ్ముకుంటూ బతుకుతున్నాను. అనుమానం మాత్రం పోలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా వంటింటి వెనక గోడకు అవతలి వైపు ఎర్రాయమ్మ ఇల్లు. పల్లెవారి వీధి అక్కడ మొదలవుతుంది. ఆమె భర్త సముద్రం మీదికి వెళ్తాడు, ఆమె చేపల గంప ఎత్తుకుంటుంది. ఆమె అటు, మా అత్త ఇటు, మధ్యలో గోడ. నలభై ఏళ్ళుగా రోజూ కబుర్లే. అన్నేళ్ళలో ఆమె గోడ దాటలేదు. మా అత్త దాటనివ్వలేదు. కానీ పెద్ద తుపాను వచ్చిన ఏడు, ఊరి నూతులన్నీ ఉప్పెన నీటితో నిండిపోయినప్పుడు, గోడ మీదుగా ఒక ఇత్తడి చెంబెడు మంచినీళ్ళు ఇటు వచ్చాయి. మా అత్త అవి తాగింది. చూసినవాళ్ళు ఎవరూ లేరని ఆవిడ నమ్మకం. మా ఆవిడ సుభద్ర చూసింది.

ఆ చెంబు తిరిగి వెళ్ళలేదు. వాళ్ళది తిరిగి ఇవ్వాలంటే ఖాళీగా ఇవ్వకూడదు, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. ఏదైనా వేసి ఇస్తే ఎందుకిచ్చావని నలుగురూ అడుగుతారు. అందుకని అది వంటింటి అటక మీద ఉండిపోయింది. ఏటా దీపావళికి ముందు అత్త దాన్ని దించి, తళతళలాడేలా తోమి, మళ్ళీ అటకెక్కిస్తుంది. ఎర్రాయమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఇక అసలు కథ. ఒక కార్తీక సోమవారం నాడు మా ఊరికి ఉత్తరాన ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో ఏదో గొట్టం పగిలింది. సైరన్ మోగింది. కాసేపటికి మైకు కట్టిన ఆటో వీధిలోకి వచ్చింది.

"ప్రజలకు విజ్ఞప్తి. భయపడవలసిన అవసరం ఏమాత్రమూ లేదు. కిటికీలు మూసుకోండి. బయటి నీళ్ళు తాగకండి. ఆకుకూరలు తినకండి. భయపడకండి."

ఆటో రెండో చుట్టు వచ్చేసరికి బస్సుల టాపు మీద కూడా చోటు లేదు.

గొట్టానికి మర్నాడే మాటు వేశారట. కానీ అప్పటికే ప్రమాదానంతర పర్యావరణ ఆరోగ్య పరిరక్షణ మండలి ఏర్పాటైపోయింది. ఏర్పాటైన మండలికి పని ఉండాలి కదా. హైస్కూలులో ఆఫీసు తెరిచారు. ప్రత్యేకాధికారిగా త్రివిక్రమరావు గారు వచ్చారు. తెల్ల కోటు, రబ్బరు చేతితొడుగులు, బంగారు ఫ్రేము కళ్ళజోడు, నిదానమైన మాట.

ఆయన పటం మీద కేంద్రం పొగగొట్టం చుట్టూ ఐదు కిలోమీటర్ల దూరాన ఒక గుండ్రం గీశారు. గుండ్రం లోపల నిషిద్ధ మండలం, బయట సురక్షిత మండలం. ఆ గీత సరిగ్గా మా ఇంటి మీదుగా పోయింది. మాకు ఉత్తరాన ఉన్నవాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి బంధువుల ఊళ్ళకు వెళ్ళారు. దక్షిణాన ఉన్నవాళ్ళు హాయిగా ఉన్నారు. మేము మాత్రం సగం వెళ్ళాలి, సగం ఉండాలి.

ఇద్దరు మనుషులు డబ్బాతో వచ్చి మా హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు పసుపు రంగు గీత వేశారు. వాస్తు ప్రకారం కట్టిన ఇల్లు కావడంతో ఆగ్నేయాన వంటిల్లు సురక్షితం, ఈశాన్యాన దేవుడి గది, నుయ్యి నిషిద్ధం.

"అయ్యా," అన్నాను, "ఈ గీతకు ఆవగింజంత అవతలుంటే ప్రమాదం, ఆవగింజంత ఇవతలుంటే క్షేమమా అండీ?"

"నిస్సందేహంగా."

"ఇక్కడ ఆగాలని ఆ కిరణాలకు ఎలా తెలుస్తుందండీ?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "మండలి తీర్మానించింది కదండీ. గెజిట్‌లో కూడా ప్రచురితమైంది."

నా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్ళింది.

ఆయన వెంట టిక్కు టిక్కుమనే చిన్న యంత్రం ఒకటి ఉంది. ప్రమాదమైతే ఎర్రదీపం, లేకపోతే ఆకుపచ్చదీపం. దాన్ని గీతకు ఇటు పెట్టారు, ఆకుపచ్చ. అటు పెట్టారు, ఆకుపచ్చ.

"రెండువైపులా ఒకటే చెప్తోందండీ," అన్నాను.

"యంత్రం చెప్పేది సమాచారం. గీత చెప్పేది విధానం. బాధ్యత గల అధికారి ఎవరూ ఆ రెండింటినీ కలపరు."

ఆ తరువాత ఆయన దేవుడి గదిలోకి తొంగిచూశారు. మందసంలో మా వేణుగోపాలస్వామి ఉన్నాడు. జానెడు పంచలోహ విగ్రహం, మా ముత్తాతల నాటిది. ఆయనకు దీపం పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు ముట్టరు.

"నిషిద్ధ మండలంలోని సమస్త లోహ పదార్థాలనూ నీలం డ్రముల్లో ఉంచి, సీలు వేసి, శాశ్వత భూస్థాపన గావించవలసి ఉంది," అన్నారు త్రివిక్రమరావు గారు. "లోహం గ్రహణశీలమైనది. మీకు ముక్కోటి ఏకాదశి దాకా వ్యవధి ఇస్తున్నాం."

"దేవుణ్ణి డ్రములో పెట్టి పాతేస్తారా?" అంది సుభద్ర.

"ప్రజల మనోభావాలను మండలి గౌరవిస్తుందమ్మా. ఆ డ్రముకు ప్రత్యేకంగా గాలిరంధ్రం పెట్టిస్తాం."

"సీలు వేసిన డ్రముకా?"

"ప్రత్యేక అనుమతితో."

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. మర్నాటి నుంచి కొత్త నియమాలతో సంసారం మొదలైంది. మనుషులు గీత దాటవచ్చు. అటు వెళ్ళిన వస్తువు ఇటు రాకూడదు. ఇత్తడి పళ్ళెంలో నైవేద్యం తీసుకెళ్తే పళ్ళెం పోయినట్టే. అందుకని సుభద్ర క్షేమంలో వండి, విస్తరాకులో పట్టుకెళ్ళి ప్రమాదంలో నైవేద్యం పెట్టేది. ప్రసాదం వెనక్కి రాకూడదు కనక అందరం ప్రమాదంలోనే నిలబడి తిని, క్షేమంలోకి వచ్చి చేతులు కడుక్కునేవాళ్ళం.

మా అత్త అధికారులతో మాట్లాడదు. మడి పీట మీద కూర్చుని చూస్తుంది. ఒకరోజు త్రివిక్రమరావు గారు మా మందసం కొలతలు తీసుకుంటుంటే ఇక పట్టలేకపోయింది.

"ఒరేయ్, ఆ అబ్బాయితో చెప్పు," అంది నాతో. "ఆ రబ్బరు తొడుగుతో అటుపక్క గోడ ముట్టుకున్నాడు. ఆ చేత్తోనే కళ్ళజోడు సవరించుకున్నాడు. కళ్ళజోడు మైల. ఆ కళ్ళజోడు తీసి కోటు జేబులో పెట్టాడు. కోటు మైల. కోటుతో కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో రేపు ఎవడు కూర్చుంటే వాడూ మైలే. ముక్కు మాత్రం గుడ్డతో కట్టుకున్నాడు, చోద్యం!"

త్రివిక్రమరావు గారు కొయ్యబారిపోయారు.

"ప్రథమ సంక్రమణం, ద్వితీయ సంక్రమణం, తృతీయ సంక్రమణం!" అన్నారు. "మా శిక్షణ పుస్తకంలో ఇది చివరి అధ్యాయం. మాలో ఎవరూ అక్కడిదాకా చదవలేదు. అమ్మా, మీరు ఏ సంస్థలో శిక్షణ పొందారు?"

"మా అత్తగారి దగ్గర," అంది అత్త. "మూడు నెలలే కాపరం చేశాను. సరిపోయింది."

వారం తిరిగేసరికి ఆచార సహిత వికిరణ నివారణ పథకం మంజూరైంది. మా అత్త గౌరవ సలహాదారు. కంటికి కనబడని అపాయాన్ని వేల ఏళ్ళుగా అదుపులో పెట్టిన జాతి మనదని త్రివిక్రమరావు గారు సభలో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తకు కుర్చీ వేశారు. దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారో విచారించి, ఆవిడ తన పీట తెప్పించుకుంది.

మొదటి ఉత్తర్వు: సిబ్బంది అందరూ తలస్నానం చేసి, తడిబట్టలతో విధులకు హాజరు కావాలి. అసలే ధనుర్మాసపు చలి. మూడోరోజుకి ఆఫీసంతా తుమ్ములు. ఊరి జనం కన్నా సిబ్బందే ఎక్కువ తుమ్ముతున్నారని గమనించి, వికిరణ తీవ్రత పెరిగిందని మండలి తేల్చింది. స్నానాలు రెండు పూటలా చేశారు. తుమ్ములు ఇంకా పెరిగాయి. మండలి ఇంకా ఆందోళన చెందింది.

రెండో ఉత్తర్వు: ఫైలు చేతి నుంచి చేతికి ఇవ్వరాదు. నేల మీద పెట్టాలి, రెండోవారు తీసుకోవాలి. హైస్కూలు వరండాలో గాలి ఎక్కువ. నేల మీద పెట్టిన కాగితాలు ఎగిరేవి. వాటి వెనక గుమాస్తాలు పరిగెత్తేవారు గానీ, దారిలో అవి దేన్ని ముట్టుకున్నాయో తెలియదు కనక పట్టుకునేవారు కారు. ఊరి మేకలకు ఆ నెల కరువు లేదు.

మూడో ఉత్తర్వు దర్భలకు సంబంధించినది. నీళ్ళ ట్యాంకు మీద దర్భ, బడిలో అన్నం వండే డేగిసా మీద దర్భ, జీపు ముందు భాగాన దర్భ. నా కొట్లో సరుకు ఒక్కపూటలో అయిపోయింది. మా ఊరి దర్భలు పెరిగే ఏటిగట్టు నిషిద్ధ మండలంలో ఉంది, కోయకూడదు. అందుకని దూరం నుంచి లారీలో తెప్పించారు. ఆ రోడ్డు నిషిద్ధ మండలంలోంచే వస్తుంది. దర్భలకు మైల అంటిందా లేదా అని రెండు రోజులు చర్చించి, ఇకమీదట దర్భల లారీ మీద దర్భలు కప్పి తీసుకురావాలని నిర్ణయించారు.

"కప్పిన దర్భలకు అంటదా అండీ?" అన్నాను.

"ఆ విషయమై ఉపసంఘం పరిశీలిస్తోంది," అన్నారు త్రివిక్రమరావు గారు, తుమ్ముతూ.

రాజధాని నుంచి ఇద్దరు నిపుణులు కూడా వచ్చి చూశారు. అత్త వాళ్ళను గుమ్మం దగ్గరే ఆపి, తోలుబెల్టులు విప్పించి, పంపు కింద కూర్చోబెట్టింది. తమకు ఎంతో సుసంపన్నమైన అనుభవం కలిగిందని వాళ్ళు వణుకుతూ రాసి వెళ్ళారు.

వీటన్నిటి మధ్య ఎర్రాయమ్మ రోజూ గంప ఎత్తుకుని ఆఫీసు మెట్ల దాకా వెళ్ళేది. ఆమె ఇల్లు, ఆమె భర్త చేపలు పట్టే తీరం రెండూ సురక్షిత మండలంలోవే. అయినా కొనే నాథుడు లేడు.

"బాబూ, నా సేపల మీద ఓసారి ఆ టిక్కుటిక్కు పెట్టండి. పచ్చదీపం ఎలిగిందంటే జనం కొంతారు. ఎర్రదీపం ఎలిగితే నానే గోతిలో పాతీస్తాను. ఏదో ఒకటి సెప్పండి, ఇంటికాడ పిల్లలు గంజి తాగతన్నారు."

పెడదామనే అనుకున్నారు త్రివిక్రమరావు గారు. పెట్టేముందు గౌరవ సలహాదారును అడిగారు. అత్త ఆ యంత్రాన్ని ఎగాదిగా చూసింది.

"మైల ఉన్నచోటల్లా మొదట ముట్టుకునేది ఇదే కదా? మరి ఊళ్ళో ఇంతకన్నా మైల వస్తువు ఉందీ?"

ఆయన ముఖం పాలిపోయింది. యంత్రాన్ని పటకారుతో పట్టుకెళ్ళి మొదటి నీలం డ్రములో వేశారు. ఆనాటి నుంచి మా ఊళ్ళో వికిరణం కొలవడం నిషిద్ధం.

ఆ సాయంత్రం గోడ దగ్గర ఎర్రాయమ్మ అంది: "ఏటి మామ్మగారూ, బేగి సచ్చిపోయే రోగమైతే సూస్తారు గానీ, బతికే దారి సూడరేటి ఈ బాబులు?"

అత్త పురుగులేవో ఏరుతున్నట్టు చాటలో బియ్యం కదిపింది.

ముక్కోటి రానే వచ్చింది. దీపారాధన అయీ అవకముందే జీపు ఆగింది. తడిబట్టల సిబ్బంది యంత్రం ఉన్న మొదటి డ్రమును జీపులోనే ఉంచి, కొత్త నీలం డ్రము దించారు. చెప్పిన ప్రకారం దానికి గాలిరంధ్రం ఉంది. సుభద్ర ఏడుస్తోంది. నేను స్వామి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అత్త పీట మీంచి లేచింది.

"పంచలోహానికి మైల అంటితే పాతిపెట్టడమేమిట్రా? మట్టికుండనుకున్నావా? చింతపండుతో తోమి నీళ్ళు పోస్తే శుద్ధి. చెంబుకున్న పాటి హక్కు దేవుడికి లేదూ?"

త్రివిక్రమరావు గారు వరండాలోకి వెళ్ళి సిబ్బందితో చర్చించి వచ్చారు.

"పథకం మూడవ ప్రకరణం ప్రకారం గౌరవ సలహాదారు వారి అభిప్రాయం శిరోధార్యం. శుద్ధి గావించి విగ్రహాన్ని గీత దాటించవచ్చు. అయితే రెండు నిబంధనలు. ఒకటి, నీరు సురక్షిత మండలానిదై ఉండాలి. రెండు, శుద్ధి చేసే వ్యక్తి ఈ గృహంలోని ఏ వస్తువునూ ఇదివరలో తాకి ఉండరాదు. ప్రథమ, ద్వితీయ, తృతీయ సంక్రమణాల్లో దేనికీ లోనై ఉండరాదు."

మేము పనికిరాము. ఆయనా ఆయన సిబ్బందీ అసలే పనికిరారు. గుడి పూజారిని అనుకున్నాం. మొన్ననే మా ఇంట్లో వ్రతం చేయించి వెళ్ళాడు. వీధిలో ఆడవాళ్ళందరూ పేరంటాలకు వచ్చినవాళ్ళే. డాక్టరు గారు అత్త నాడి చూశారు. పాలవాడు, పేపరువాడు, కరెంటు బిల్లు మనిషి, అందరూ ఏదో ఒక తలుపు ముట్టుకున్నవాళ్ళే.

"అసలు ఈ ఇంట్లో ఏదీ ఎన్నడూ ముట్టుకోని మనిషి ఈ ఊళ్ళో ఉన్నారా?" అన్నారు త్రివిక్రమరావు గారు విసుగ్గా.

వెనక గోడ మీంచి మాట వినబడింది.

"నానున్నాను బాబూ. నలబై ఏళ్ళ నుంచి మామ్మగారు నన్ను ఈ గోడ దాటనీలేదు."

అందరూ అటు తిరిగారు. ఎర్రాయమ్మ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది. మా ఊళ్ళో ఆమె అంత శుద్ధమైన మనిషి లేదని అధికారికంగా తేలిపోయింది. అత్త తల వంచుకుంది.

"ఎర్రాయమ్మా," అంది, "వస్తావుటే?"

"వస్తాను. సామికి నీల్లు పొయ్యనని ఎవలంతారు? గానీ ముందు నా సేపలు కొలమనండి."

"అసాధ్యం," అన్నారు త్రివిక్రమరావు గారు. "యంత్రం మలినమైంది. ఈమె దాన్ని ముట్టుకుంటే ఈమె కూడా మలినమవుతుంది. అప్పుడు శుద్ధికి ఎవరూ మిగలరు."

"అయితే మీ ఇష్టం. సామిని డ్రములోన ఎట్టుకోండి."

అందరం అత్త వైపు చూశాం. అత్త డ్రమును చూసింది. గాలిరంధ్రాన్ని చూసింది. స్వామిని చూసింది.

"తడికొంగు చుట్టి పట్టుకుంటే యంత్రం మైల అంటదు," అంది.

"ఇది ఏ ప్రకరణంలో ఉందండీ?"

"ఇప్పుడే చెప్పాను కదా నాయనా!"

నా నెత్తి మీద మొట్టికాయ పడిన చోట ఎవరో చెయ్యి వేసి నిమిరినట్టయింది. మైలకు ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుందంటే, మా అత్త చెప్తుంది. అది విని ఆగుతుంది. ఇన్నేళ్ళూ ఆవిడ చెప్పకపోవడమే తప్ప దాని తప్పేమీ లేదు.

ఎర్రాయమ్మ గంపతో వచ్చి, వంటింటి దొడ్డి తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు లోపల పెట్టింది. జీపు దగ్గరికి వెళ్ళి, తడికొంగుతో మొదటి డ్రము మూత తీయించి యంత్రాన్ని పైకి లాగింది. గంపలో వంజరం చేపల మీద పెట్టింది. టిక్కు టిక్కు. ఆకుపచ్చ. వీధిలో చేరిన జనం అంతా చూశారు. ఆమెకు సరదా పుట్టి దాన్ని త్రివిక్రమరావు గారి కోటు మీద పెట్టింది, ఆకుపచ్చ. హాల్లోకి వచ్చి పసుపు గీత మీద పెట్టింది, ఆకుపచ్చ. స్వామి పాదాల దగ్గర పెట్టింది. ఆకుపచ్చ.

"ఇది సమాచారం మాత్రమే," అన్నారు త్రివిక్రమరావు గారు. కానీ బయట అప్పటికే ఎవరో వంజరం ధర అడుగుతున్నారు.

"ఉండండర్రా, సామి పనిలో ఉన్నాను!" అని కేకేసి, ఎర్రాయమ్మ గోడ అవతలి తన పంపు నుంచి తెచ్చిన నీళ్ళతో చేతులు కడుక్కుని చింతపండు తీసుకుంది. అత్త పక్కన నిలబడి చెప్తోంది, చెవుల దగ్గర వేలితో తుడవమని, వేణువు గట్టిగా పట్టుకోవద్దని.

"కిష్ణమూర్తి బాబు బాగా నల్లబడిపోనాడు మామ్మగారూ. మీరు తోమి ఎన్నాళ్ళయిందేటి?"

"దేవుణ్ణి రోజూ చింతపండుతో తోముతారుటే? పువ్వులతో పూజ చేస్తారు గానీ."

"అవునవును. మడిలో ఉన్నోడికి నీల్లెందుకు," అంది ఎర్రాయమ్మ. త్రివిక్రమరావు గారు కూడా నవ్వబోయి తుమ్మారు.

నీళ్ళు పోసేసరికి స్వామి బంగారంలా మెరిశాడు. ఎర్రాయమ్మ ఆయన్ని రెండు చేతులతో ఎత్తుకుని, పసుపు గీత దాటించి, వంటింటి వైపు పీట మీద కూర్చోబెట్టింది. శుద్ధి జరిగినట్టు ముద్ర వేసి ఇచ్చారు. ఇక డ్రము మిగిలింది. తెచ్చిన డ్రమును ఖాళీగా తీసుకుపోవడం నిబంధనలకు విరుద్ధం. సిబ్బంది అటూ ఇటూ చూసి, ఆచార సహిత వికిరణ నివారణ పథకం తాలూకు తడిసిన ఫైళ్ళన్నీ అందులో పెట్టి, సీలు వేసి, గాలిరంధ్రంతో సహా పట్టుకుపోయారు. ఆ తరువాత పథకం గురించి ఎవరూ విచారించలేదు. దానికి ఊపిరి ఆడుతూనే ఉండి ఉంటుంది.

ఎర్రాయమ్మ గంప ఎత్తుకోబోతుంటే అత్త ఆగమంది. స్టూలు వేసుకుని తనే అటక దగ్గరికి చెయ్యి చాచింది. నేను పట్టుకోబోతే తోసేసింది. ఇత్తడి చెంబు దించి, అభిషేకం చేసిన నీళ్ళు అంచుదాకా నింపి, తులసిదళం వేసింది. నేల మీద పెట్టలేదు. చేతికి ఇచ్చింది.

ఎర్రాయమ్మ చెంబును తిప్పి చూసుకుంది.

"ఓలమ్మ! తుపానేటి సెంబు కదేటి ఇది. నీల్లు తాగీసి, ఇన్నేళ్ళకి నీల్లే ఇస్తన్నారా మామ్మగారూ?"

"ఖాళీగా ఇవ్వకూడదు కదే," అంది అత్త.

"మరి వడ్డీ?"

అత్త గిన్నెలోంచి చక్కెరపొంగలి ముద్ద తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. కాసేపు అలాగే పట్టుకుంది.

ఆ రోజు అత్త మళ్ళీ స్నానం చేయలేదు. చలిగా ఉందిట.